పట్టుకున్న కిలోలు, పట్టించుకోని మనుషులు

2024 ఆగస్టు 25న రాయ్‌పూర్‌లో మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ జోనల్ కార్యాలయాన్ని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. ఆ రోజు ఆయన నోట రెండు అంకెలు వచ్చాయి. గంజాయి వాడేవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 2.83 మంది, ఛత్తీస్‌గఢ్‌లో 4.98 మంది. అంటే దేశ సగటుకు ఒకటిముప్పావు రెట్లు.

రాయ్‌పూర్‌లోనే ఆఫీసు ఎందుకన్నది మ్యాప్ చూస్తే తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌కు సరిహద్దు రాష్ట్రాలు ఏడు. అందులో రెండు మనవే. గంజాయి పండేది ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో: ఇటు పాడేరు, చింతపల్లి, అటు మల్కన్‌గిరి, కోరాపుట్. అక్కణ్నుంచి ఉత్తరాదికి పోయే ప్రధాన దారుల్లో రాయ్‌పూర్ ఒకటి. జగదల్‌పూర్ మీదుగా వచ్చే రోడ్డూ, విశాఖ నుంచి వచ్చే రైలు మార్గమూ రెండూ అక్కడే కలుస్తాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు.

కిలోల లెక్క తేలిక. తూకం వేస్తారు, పంచనామా రాస్తారు, బస్తాల వెనకాల నిలబడి ఫొటో దిగుతారు. రెండు లక్షల కిలోలు బూడిదయ్యాక, అది దొరకని మనిషి ఆ రాత్రి ఏం చేశాడన్న లెక్క మాత్రం ఏ పంచనామాలోనూ ఉండదు. ఈ కథనం ఆ రెండో లెక్క గురించి.

వెయ్యి మందిని నిలబెడితే

మత్తు వాడకం మీద మన దేశంలో జరిగిన అతి పెద్ద సర్వే 2017 డిసెంబరులో మొదలై 2018 అక్టోబరులో ముగిసింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ చేయించింది, దిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ వ్యసన చికిత్స కేంద్రం చేసింది. 186 జిల్లాలు, 2 లక్షల ఇళ్లు, 4.73 లక్షల మంది. 2019 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. శాతాలూ కోట్లూ అలా వదిలేస్తే బుర్రకెక్కవు. అందుకే దేశంలోంచి 10 నుంచి 75 ఏళ్ల లోపు వాళ్లను వెయ్యి మందిని తీసుకుని ఒక మైదానంలో నిలబెట్టామనుకుందాం.

వెయ్యిలో మద్యం తాగేవాళ్లు 146 మంది. తాగుడు వల్ల ఏదో ఒక సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్లు 52 మంది. అందులో 27 మంది మానాలన్నా మానలేనివాళ్లు. గంజాయి, చరస్, భంగు కలిపి వాడేవాళ్లు 28 మంది. హెరాయిన్, నల్లమందు, మందుల షాపులో దొరికే ఆ జాతి మాత్రలు వాడేవాళ్లు 21 మంది. నిద్రమాత్రల జాతి మత్తు వాడేవాళ్లు సుమారు 11 మంది. ఒకే మనిషి రెండు మూడు వరుసల్లో నిలబడవచ్చు కాబట్టి వీటిని కూడకూడదు.

ఇప్పుడు ఆ వెయ్యి మందినీ ఛత్తీస్‌గఢ్ నుంచి తెచ్చి నిలబెడితే మద్యం వరుస 146 దగ్గర ఆగదు, 356కి పోతుంది. ఆ సర్వేలో రాష్ట్రాలన్నిటిలోకీ అదే ఎక్కువ. తర్వాతది త్రిపుర, 347.

ఇక్కడ కాస్త ఆగాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు ఛత్తీస్‌గఢ్‌లో నూటికి సుమారు 35 మంది. ఒక సర్వేలో ఆడా మగా కలిపి వచ్చిన అంకె ఇంకో సర్వేలో మగవాళ్లకు మాత్రమే వచ్చిందంటే, ఎవరు అడిగారు, ఎలా అడిగారు, పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతోందన్న మాట. ఇంకో సంగతి: ఆ రెండో సర్వేలో ఛత్తీస్‌గఢ్ కంటే పైన తెలంగాణ ఉంది, 43.3 శాతంతో. ఆంధ్రప్రదేశ్‌ది 23.3. కాబట్టి రాయ్‌పూర్ వాళ్ల గొడవ మనకెందుకు అనుకునే వీలు హైదరాబాద్ పాఠకుడికి బొత్తిగా లేదు.

అయితే మొత్తం నివేదికలో నన్ను ఆపేసిన అంకె ఇవేవీ కావు. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక రకం చికిత్స అందింది ఒక్కరికి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. మన మైదానంలో మానలేని వాళ్లు 27 మందే కదా. అంటే ఆ వెయ్యి మందిలో చికిత్స అందినవాడు సగటున ఒక్కడు కూడా లేడు. మంచం మీద పడుకుని వైద్యం చేయించుకున్నవాడు ఒక్కడు కనిపించాలంటే వెయ్యి మంది చాలరు, 6,600 మందికి పైగా నిలబెట్టాలి.

మంచాల లెక్క

మరి ఇంత మందికి ఎవరు ఏం చేస్తున్నారు? కేంద్రం డబ్బిస్తుంది, స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి. స్థూలంగా ఇదీ పద్ధతి. సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో దేశంలో సుమారు 350 సమీకృత పునరావాస కేంద్రాలున్నాయి. 15, 30, 50 మంచాల కేంద్రాలుగా వీటికి మూడు తరగతులు. చాలా రాష్ట్రాల్లో ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది, రోగికి ఉచితం. రాయ్‌పూర్‌లో సంకల్ప్ సాంస్కృతిక్ సమితి ఈ రంగంలో పనిచేస్తున్న సంస్థ. ఇవికాక వీధుల్లో తిరిగి వాడకందార్లను వెతికి పలకరించే కేంద్రాలు, తోటి కుర్రాళ్లతోనే పిల్లలకు చెప్పించే కేంద్రాలు, ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చూసి మందులిచ్చే వ్యసన చికిత్స విభాగాలు ఉన్నాయి. నగరంలో పెద్ద దిక్కు అంబేడ్కర్ ఆసుపత్రి. ఊళ్లోవాళ్లకు అది ‘మెకాహారా’. టాటీబంద్‌లోని ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇప్పుడు ఒక చిన్న గుణకారం. 350 కేంద్రాల్లోనూ 15 మంచాలే అనుకుంటే 5,250 మంచాలు. ఒక్కొక్కరు నెల రోజులుంటే ఏడాదికి 63,000 మంది. దేశంలో మద్యానికి బానిసలైనవాళ్లు 2.9 కోట్ల మంది. ఈ లెక్కన అందరికీ ఒక్కసారి వంతు రావడానికి 460 ఏళ్లు పడుతుంది. మంచాలు రెట్టింపు చేస్తే 230 ఏళ్లు. ఇది నా కాగితం లెక్కే. ప్రభుత్వాసుపత్రులనూ ప్రైవేటు కేంద్రాలనూ ఇందులో కలపలేదు. కలిపినా వందల ఏళ్లు పదుల ఏళ్లవుతాయే తప్ప సమస్య తీరదు. వ్యసనాన్ని మంచాలతో జయిస్తామనుకోవడం కుదరని పని.

అసలు అందరికీ మంచం అక్కర్లేదు కూడా. అది ఎవరికి అవసరమో తెలియాలంటే మత్తు ఆగాక శరీరంలో ఏం జరుగుతుందో చూడాలి. బాగా ముదిరిన తాగుబోతు ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, జ్వరం వస్తుంది. వైద్యులు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ‘నాలుగు రోజులు గదిలో పెట్టి తాళమేస్తే దారికొస్తాడు’ అనే పెద్దల సలహా అందుకే ప్రమాదం. ఈ దశలో డయాజెపామ్, లొరాజెపామ్ జాతి మందులు డాక్టరు పర్యవేక్షణలో మోతాదు తగ్గిస్తూ ఇస్తారు. విటమిన్ బి1, అంటే థయమిన్ ఎక్కిస్తారు. వారం పది రోజుల్లో ఒళ్లు కుదుటపడుతుంది.

దుకాణాలు హఠాత్తుగా మూసేస్తే ఏమవుతుందో మనం 2020లో చూశాం. లాక్‌డౌన్ మొదటి రోజుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కల్లు, మద్యం అందక మతి చెదిరినవాళ్లు వరస కట్టారు. జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. సరఫరా ఆపడం, చికిత్స పెట్టడం జంటగా నడవకపోతే మధ్యలో నలిగేది వ్యసనపరుడే.

ఒళ్లు కుదుటపడటంతో పని సగం కూడా కాదు. మళ్లీ మొదలుపెట్టకుండా నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్, డైసల్ఫిరామ్ లాంటి మందులున్నాయి. హెరాయిన్ జాతికి అలవాటు పడ్డవాళ్లకు నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ ఉంది. వీటికి కౌన్సెలింగు, కుటుంబంతో మాటలు, పని చూపించడం తోడవ్వాలి. ఇంత చేసినా మళ్లీ జారేవాళ్లు నూటికి 40 నుంచి 60 మంది. ఆ మాట వినగానే ‘అయితే దండగే కదా’ అంటారు చాలామంది. బీపీ, ఉబ్బసం రోగుల్లో మందులు వదిలేసి మళ్లీ తిరగబెట్టుకునేవాళ్లు నూటికి 50 నుంచి 70 మంది. వాళ్ల గురించి ఆ మాట ఎవరూ అనరు. జారినవాణ్ని సిగ్గుపెట్టకుండా మళ్లీ లోపలికి రానివ్వడమే ఏ కేంద్రానికైనా అసలు పరీక్ష. చేరినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది మీతో మాట్లాడుతున్నారని అడగండి. జవాబు అంకెలో వస్తే అది మంచి కేంద్రం.

తాళాలు, చట్టాలు

ఉచిత మంచం దొరకనివాళ్లు ప్రైవేటు ‘నశా ముక్తి కేంద్రాల’ తలుపు తడతారు. దేశమంతా ఇలాంటివి పుట్టుకొచ్చాయి. కొన్ని బాగా నడుస్తాయి. కొన్నిట్లో డాక్టరు ఉండడు, తాళం ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అంటే వ్యసనపరుడికీ రోగి హక్కులన్నీ ఉంటాయి. తనంతట తాను చేరినవాడు వెళ్లిపోతానంటే ఆపడానికి కారణం చూపాలి. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నవాణ్ని, చట్టప్రకారం అతని ప్రతినిధి అయిన నామినీ కోరితే చేర్చుకోవచ్చు, మొదటి విడత 30 రోజులు దాటకూడదు. గొలుసుతో కట్టడం ఏ పరిస్థితిలోనూ చెల్లదు. ఇంట్లోవాళ్లు ఫీజు కట్టే ముందు మూడు అడగాలి: రిజిస్ట్రేషన్ ఉందా, మొదటి వారం రాత్రిపూట డాక్టరు ఎవరు, మేం ఎప్పుడు వస్తే అప్పుడు చూడనిస్తారా?

ఇంకో చట్టం సంగతి ఇంతకంటే తక్కువ మందికి తెలుసు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి కిలో వరకు ‘చిన్న పరిమాణం’, 20 కిలోలు ‘వాణిజ్య పరిమాణం’. మొదటిదానికి ఏడాది వరకు జైలు, రెండోదానికి 10 నుంచి 20 ఏళ్లు. హెరాయిన్‌కి ఆ గీతలు 5 గ్రాములు, 250 గ్రాములు. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులోగానీ చిన్న పరిమాణం కేసులోగానీ ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే, అతని మీద ఆ ప్రాసిక్యూషన్ నడవదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. జైలు గోడకి చట్టమే పెట్టిన తలుపు ఇది. పోలీస్ స్టేషన్లలో పెద్దక్షరాలతో రాసి పెట్టాల్సింది.

పోలీసులు ఈ వైపు ఆలోచించడం ఛత్తీస్‌గఢ్‌లో లేకపోలేదు. కొరియా జిల్లా ఎస్పీగా సంతోష్ కుమార్ సింగ్ 2021లో ‘నిజాత్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. అమ్మేవాళ్లను పట్టుకోవడం, వాడేవాళ్లకు కౌన్సెలింగు ఇప్పించడం, ఊళ్లలో ప్రచారం, ఈ మూడూ కలిపి చేయడం దాని పద్ధతి. ఆయన బదిలీ అయిన జిల్లాలకల్లా అది వెళ్లింది. 2024లో రాయ్‌పూర్ వచ్చింది. మంచి పనే. అయితే అధికారి సూట్‌కేసుతో పాటు ఊరు మారే కార్యక్రమం ఆయన వెళ్లాక ఎంతకాలం నిలుస్తుందన్నది చూడాలి. వ్యసనపరుడికి చికిత్స పట్టేది ఏళ్లు, ఎస్పీ పోస్టింగు నెలల్లో ముగిసిపోవచ్చు.

ప్రతిజ్ఞలు పనిచేస్తాయా?

2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన నశా ముక్త భారత్ అభియాన్ తర్వాత దేశమంతా విస్తరించింది. పది కోట్ల మందికి పైగా జనం దగ్గరికి చేరామని మంత్రిత్వ శాఖ చెప్తోంది. బ్రహ్మకుమారీలు, ఇస్కాన్, గాయత్రీ పరివార్, హైదరాబాద్ దగ్గర కన్హా శాంతివనం ఉన్న శ్రీరామచంద్ర మిషన్ లాంటి సంస్థలతో ఒప్పందాలూ చేసుకుంది. ర్యాలీలు, ప్రతిజ్ఞలు, పోస్టర్ల పోటీలు అన్నీ జరుగుతున్నాయి.

చేరడం వేరు, మార్చడం వేరు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి తెచ్చిన నివారణ ప్రమాణాలు ఈ విషయంలో మొహమాటపడవు. సమాచారం చెప్పి భయపెట్టడం, మాజీ వ్యసనపరుణ్ని తెచ్చి పిల్లలకు కథ చెప్పించడం వల్ల వాడకం తగ్గినట్టు దాఖలా లేదన్నాయి. తగ్గించినవి చిన్నతనంలో పెంపకం మీద తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ, బడిలో నేర్పే జీవన నైపుణ్యాలు, మద్యం ధరా దొరికే వీలూ మార్చే విధానాలు.

ఐస్‌లాండ్ అంకెలు చూడండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో తాగి తూలినవాళ్లు 42 శాతం, 2016కి 5 శాతం. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 నుంచి 3కి దిగారు. వాళ్లు ఉపన్యాసాలు పెట్టలేదు. పిల్లలు రాత్రి పొద్దుపోయాక వీధుల్లో ఉండకుండా చూశారు, ఆటలకూ సంగీతానికీ కుటుంబాలకు డబ్బిచ్చారు, బడి బడికీ సర్వే చేసి ఫలితాలు ఆ ఊరి తల్లిదండ్రుల చేతిలో పెట్టారు. నాలుగు లక్షల జనాభా కూడా లేని ధనిక ద్వీపం అది, నిజమే. కానీ రాయ్‌పూర్ రైల్వే స్టేషన్లాంటి చోట్ల పంక్చర్ సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చే పిల్లాడికి ప్రతిజ్ఞ పత్రం కంటే సాయంత్రం పూట వెళ్లడానికో చోటు ఎక్కువ అవసరమని తెలుసుకోవడానికి ధనికులం కానక్కర్లేదు. పీల్చే మత్తు వాడకం పెద్దల్లో 0.58 శాతమైతే పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకంటే పిల్లలు ఎక్కువగా వాడే మత్తు ఇదే. దేశంలో 4.6 లక్షల మంది పిల్లలకు దీనివల్ల సాయం కావాలని అదే ఎయిమ్స్ సర్వే తేల్చింది.

ఛత్తీస్‌గఢ్ నేలకు సొంత అనుభవాలూ ఉన్నాయి. 1756లో గిరోద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాస్ సత్నామీ పంథానికి పెట్టిన నియమాల్లో మద్యం ముట్టకపోవడం ఒకటి. రాయ్‌పూర్‌కి దక్షిణంగా ఉన్న దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల్లో 1977లో శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో కార్మిక సంఘం పుట్టింది. పోరాడి కూలి పెంచుకున్నారు. పెరిగిన కూలి నేరుగా భట్టీకి, అంటే మద్యం దుకాణానికి వెళ్లడం మొదలైంది. జీతం పెరిగితే తాగుడు పెరిగిందన్న చేదు నిజాన్ని దాచకుండా సంఘమే మద్య వ్యతిరేక ఉద్యమం చేపట్టింది. దాని వెన్నెముక ఆడవాళ్లు. అదే సంఘం 1983లో తమ చందాలతో, తమ చేతుల కష్టంతో శహీద్ ఆసుపత్రి కట్టుకుంది. నియోగీని 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో కాల్చి చంపారు. ఆసుపత్రి ఆయన తర్వాతా నడిచింది.

తెలుగువాళ్లకు వెంటనే దూబగుంట గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లా ఆ ఊళ్లో అక్షర దీపం తరగతుల నుంచి పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో పోయింది. ఛత్తీస్‌గఢ్ 2017 ఏప్రిల్ 1 నుంచి మద్యం చిల్లర అమ్మకాన్ని ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలోకి తీసుకుంది. అంటే అక్కడ భట్టీ నడిపేదీ ప్రభుత్వమే, వ్యసన విముక్తికి మహిళలతో ‘భారత్ మాతా వాహిని’ దళాలు కట్టించిందీ ప్రభుత్వమే. ఈ రెండు పద్దులనూ ఒకే పేజీలో పక్కపక్కన అచ్చువేస్తే బాగుంటుంది.

మంచం బదులు నాలుగు మాటలు

460 ఏళ్ల లెక్కకు విరుగుడు గోవాలో దొరికింది. అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హాని కలిగే స్థాయిలో తాగుతున్న 377 మంది మగవాళ్ల మీద మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం చేసిన పరీక్ష 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. వైద్య చదువు లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఒక్కో రోగితో గరిష్ఠంగా నాలుగు సార్లు మాట్లాడించారు. మూడు నెలల తర్వాత మామూలు వైద్యం పొందినవాళ్లలో 26 శాతం ప్రమాద స్థాయి నుంచి బయటపడితే, ఈ మాటలు విన్నవాళ్లలో 36 శాతం బయటపడ్డారు. బానిసలుగా మారిపోయినవాళ్లకు ఇది చాలదు. ఆ అంచుకు ఇంకా చేరనివాళ్ల కోసం ఇది. మన మైదానంలో 52 మందిలోంచి 27 తీసేస్తే మిగిలే పాతిక మంది వాళ్లే.

ఇందుకు కావాల్సిన మనుషులు రాయ్‌పూర్ దగ్గర ఉన్నారు. 2002లో ఛత్తీస్‌గఢ్ ‘మితానిన్’ కార్యక్రమం మొదలుపెట్టింది. పాడా పాడాకీ, అంటే ప్రతి వాడకీ, ఆ వాడ మహిళనే ఆరోగ్య కార్యకర్తగా ఎంచుకున్నారు. దేశంలో ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే. ఇప్పుడు మితానిన్లు సుమారు 70 వేల మంది. ఒక్కొక్కరు ఏడాదికి నలుగురితో మాట్లాడినా 2 లక్షల 80 వేల మంది. మంచాల లెక్కలో దేశం మొత్తానికి వచ్చిన 63,000కి ఇది దాదాపు నాలుగున్నర రెట్లు. తాగే మగాడు పక్కింటి కోడలు చెప్పే మాట వింటాడా అన్న ప్రశ్న న్యాయమైనదే. గోవాలో మాట్లాడింది జీతం, శిక్షణ, పర్యవేక్షణ ఉన్నవాళ్లు. ఇప్పటికే టీకాలు, కాన్పులు, మలేరియా మోస్తున్న మితానిన్ నెత్తిన జీతం లేకుండా ఇంకో బరువు పెడితే పని కాగితం మీదే జరుగుతుంది. డబ్బు ఎక్కడిదంటారా, భట్టీ పద్దు ఎలాగూ ప్రభుత్వం దగ్గరే ఉంది.

ఈలోగా ఇంట్లో ఎవరికైనా అవసరమైతే: వ్యసన విముక్తి సలహాకు జాతీయ ఉచిత నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. పిల్లల విషయమైతే 1098. మత్తు అమ్ముతున్నారని చెప్పడానికి ఎన్‌సీబీ నంబరు 1933, తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972. తాగుడు మానిన మనిషికి వణుకు, మూర్ఛ, మతి తప్పడం కనిపిస్తే ఏ హెల్ప్‌లైనూ వద్దు, 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.